నమూనా నుంచి మనిషి దాకా: లాటినెక్స్ పోర్ట్రెయిట్ల దారి

18వ శతాబ్దంలో మెక్సికో స్పెయిన్ పాలనలో ఉండేది. 'న్యూ స్పెయిన్' అని పిలిచిన ఆ నేల మీద చిత్రకారులకు ఒక ప్రత్యేకమైన గిరాకీ తగిలింది. కొనేవాళ్ళు విడి బొమ్మ కాకుండా సెట్టు అడిగేవారు. మామూలుగా పదహారు బొమ్మలు. ఒక్కోదాంట్లో ఒక తండ్రి, ఒక తల్లి, ఒకరిద్దరు పిల్లలు. బొమ్మ మీదే ఒక లైను రాసి ఉంటుంది: స్పానిష్ మగవాడికీ మూలవాసి స్త్రీకీ పుట్టిన బిడ్డ మెస్తీసో, మెస్తీసోకూ స్పానిష్ మనిషికీ పుట్టిన బిడ్డ కాస్తీసో, స్పానిష్, ఆఫ్రికన్ జంటకు పుడితే ములాటో. ఇలా మెట్లు మెట్లుగా దిగుతుంది. దిగేకొద్దీ బట్టలకు చిరుగులు పడతాయి, కొన్ని సెట్లలో భార్యాభర్తలు కొట్టుకుంటూ కనిపిస్తారు. అడుగు మెట్ల దగ్గరికి వచ్చేసరికి 'తోడేలు', 'గాల్లో నిలబడు', 'నువ్వు నాకు అర్థం కావు' లాంటి ముద్రలు కూడా వేశారు. వీటిని కాస్టా చిత్రాలు అంటారు. మిగెల్ కాబ్రేరా 1763లో వేసిన సెట్టు వీటన్నిటిలో పేరున్నది. పనితనానికి వంక పెట్టలేం. పట్టుబట్ట నిగనిగ, పిల్లను పట్టుకున్న తల్లి చేతి పట్టు, అన్నీ ప్రాణంతో ఉంటాయి. ఆ మనుషుల పేర్లు మాత్రం ఎక్కడా ఉండవు.

పుట్టుకను బట్టి మనిషికి మెట్టు కేటాయించడం అంటే ఏమిటో భారతీయ పాఠకులకు విడిగా వివరించనక్కర్లేదు. ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటి. ఆ పనికి చిత్రకళ సాక్ష్యం చెప్పింది. ముఖాన్ని దగ్గరగా, శ్రద్ధగా గీయడం అంటే ఆ మనిషిని గౌరవించడమేనని మనం అనుకుంటాం. కాస్టా చిత్రాల్లో అంత శ్రద్ధా మనిషిని నమూనాగా మార్చడానికి ఖర్చయింది.

అమెరికాలో లాటిన్ అమెరికా మూలాలున్న చిత్రకారులు గత యాభై ఏళ్ళుగా వేస్తున్న పోర్ట్రెయిట్లను ఈ చరిత్ర పక్కన పెట్టి చూడాలి. వాటి గురించి రాసేటప్పుడు 'రెండు సంస్కృతుల మధ్య నలిగే అస్తిత్వం' అనే మాట దాదాపు ప్రతిసారీ వస్తుంది. ఆ మాట పూర్తిగా తప్పు కాదు, కానీ అందులో ఒక చిక్కుంది. ఇటొక సంస్కృతి, అటొక సంస్కృతి రాతిగోడల్లా నిలబడి ఉన్నట్టూ, మధ్యలో మనిషి ఒక్కడే ఊగుతున్నట్టూ అనిపిస్తుంది. నిజంగా గొప్ప పోర్ట్రెయిట్లు 'నేను ఇటా అటా' అన్న దగ్గర ఆగిపోవు. నన్ను ఫలానా అని తేల్చే హక్కు నీకెవరిచ్చారు అని అడుగుతాయి. చూసేవాడికీ చూడబడేవాడికీ మధ్య ఉన్న ఆ పాత లెక్కను తిరగరాస్తాయి. వాటి అసలు బలం అక్కడే ఉంది.

ముందు కొంచెం నేపథ్యం. 1848లో యుద్ధం ముగించిన గ్వాదలూపే హిదాల్గో ఒప్పందంతో మెక్సికో తన భూభాగంలో దాదాపు సగం అమెరికాకు వదులుకుంది. కాలిఫోర్నియా, నెవాడా, యూటా పూర్తిగా, అరిజోనా, న్యూ మెక్సికోలలో చాలా భాగం అలా వెళ్ళినవే. అక్కడ ఉంటున్న మెక్సికన్లు కదలకుండానే వేరే దేశంలో పడ్డారు. 'మేం సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటింది' అని ఆ సమాజంలో ఇప్పటికీ అనుకుంటారు. 1898లో పోర్టోరికో అమెరికా చేతికి వచ్చింది. 1917లో అక్కడివాళ్ళకు అమెరికా పౌరసత్వం ఇచ్చారు. తరువాత క్యూబా నుంచి, డొమినికన్ రిపబ్లిక్ నుంచి, మధ్య అమెరికా దేశాల నుంచి రకరకాల కారణాలతో జనం వచ్చారు. 2020 జనాభా లెక్కల్లో వీళ్ళంతా కలిపి 6 కోట్ల 21 లక్షల మంది. 'లాటినెక్స్' అనేది ఆడ, మగ తేడా లేకుండా అందరినీ కలుపుకోవడానికి యూనివర్సిటీల్లో, కళారంగంలో బాగా వ్యాపించిన మాట. 2024లో ప్యూ రీసెర్చ్ సెంటర్ ప్రచురించిన సర్వేలో తమను తాము అలా పిలుచుకున్నవాళ్ళు నూటికి నలుగురే. మ్యూజియంలలో ఆ పేరు స్థిరపడింది కాబట్టి ఈ వ్యాసంలోనూ అదే వాడాం.

జనాభా లెక్కల ఫారమే ఒక రకంగా ఈ కథలో పాత్ర. అమెరికాలో ప్రతి ఇంటినీ 'మీరు హిస్పానిక్ మూలాలవారా', అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారా, అని అడగడం 1980లో మొదలైంది. అక్కడి తెలుగువాళ్ళు టిక్కు పెట్టే 'ఏషియన్ ఇండియన్' గడి కూడా అదే ఏడాది ఫారంలోకి వచ్చింది. 2020లో హిస్పానిక్ అని చెప్పుకున్నవాళ్ళలో నూటికి 42 మంది జాతి అన్న ప్రశ్న దగ్గర తెలుపు, నలుపు లాంటివి వదిలేసి 'వేరే జాతి' అన్న గడి ఒక్కదాన్నే ఎంచుకున్నారు. అన్ని కోట్ల మందికి సరిపడని ఫారాన్ని 2024లో ప్రభుత్వం మార్చి, రెండు ప్రశ్నలనూ ఒకటిగా కలపాలని నిర్ణయించింది. పోర్ట్రెయిట్ వేసేవాళ్ళు ఆ గళ్ళను ప్రశ్నించే పని చాలా ముందే మొదలుపెట్టారు.

రెండు సంస్కృతులు, మధ్యలో మనిషి అనగానే అందరికీ గుర్తొచ్చే బొమ్మ మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో 1932లో వేసుకున్న స్వీయచిత్రం. భర్త డియేగో రివేరా డెట్రాయిట్ మ్యూజియంలో పరిశ్రమల మీద భారీ కుడ్యచిత్రాలు వేయడానికి వచ్చినప్పుడు ఆమె అక్కడ ఉన్నారు. చిన్న రేకు మీద వేసిన ఆ బొమ్మలో గులాబీ రంగు గౌను వేసుకుని ఒక దిమ్మె మీద నిలబడి ఉంటారు. ఒక చేతిలో మెక్సికో జెండా, ఇంకో చేతిలో సిగరెట్. ఒక పక్క పాత గుడి శిథిలాలు, సూర్యచంద్రులు, నేలలోకి వేళ్ళు దిగిన మొక్కలు. ఇంకో పక్క ఫోర్డ్ ఫ్యాక్టరీ గొట్టాలు, ఆ పొగలో అమెరికా జెండా, వేళ్ళకు బదులు కరెంటు వైర్లు దిగిన యంత్రాలు. ఆ వైర్లలో ఒకటి పాకుతూ ఆమె నిలబడ్డ దిమ్మె దాకా వస్తుంది. బొమ్మ మొత్తంలో అన్నిటికంటే పదునైన ఆలోచన ఆ వైరే.

1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని గలేరియా దె లా రాసా ఆమెకు నివాళిగా ఒక ప్రదర్శన పెట్టింది. అమెరికాలో పుట్టి పెరిగిన మెక్సికన్ మూలాల కళాకారులకు, అంటే చికానో కళాకారులకు, ఫ్రీడా అప్పటికే ఇంటి దేవత. కానీ నిష్కర్షగా చెప్పాలంటే 1932 నాటి ఆ బొమ్మ వాళ్ళ బతుకుకు సరిగ్గా అమరదు. ఫ్రీడా అమెరికాకు వచ్చిన అతిథి. డెట్రాయిట్ ఆమెకు విసుగు పుట్టించింది, 1933 చివరికల్లా ఇంటికి వెళ్ళిపోయారు. ఆ ఇల్లు ఎక్కడుందో ఆమెకు సందేహం లేదు. ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లోనో శాన్ ఆంటోనియోలోనో పుట్టిన పిల్లకు బొమ్మను నిలువుగా రెండు ముక్కలు చేసే గీత దొరకదు. ఇంట్లో స్పానిష్ కలిసిన ఇంగ్లీష్, బడిలో స్పానిష్ మాట్లాడితే శిక్ష, గోడ మీద గ్వాదలూపే మాత పటం, దాని పక్కనే సైన్యం యూనిఫాంలో అన్నయ్య ఫోటో. ఇవన్నీ ఒకే గదిలో ఉంటాయి. ఆ గదిని గీసినవాళ్ళ దగ్గరే అసలు విషయం దొరుకుతుంది.

శాన్ డియేగోలో 1942లో పుట్టిన యోలాండా లోపెస్ అలాంటి చిత్రకారిణి. 1978లో ఆమె వేసిన గ్వాదలూపే వరుసలోని మూడు బొమ్మలు ఈ మొత్తం సంప్రదాయానికి ఆయువుపట్టు. అవి అర్థం కావాలంటే ముందు గ్వాదలూపే మాత ఎవరో తెలియాలి. 1531లో మెక్సికో నగరం దగ్గర తెపెయాక్ కొండ మీద హువాన్ డియేగో అనే మూలవాసికి మేరీమాత కనిపించిందనీ, ఆమె రూపం అతని పైబట్ట మీద అచ్చుపడిందనీ కథ. అంతకుముందు అదే కొండ మీద జనం తోనాన్‌సిన్ అనే తల్లి దేవతను కొలిచేవారని అంటారు. నీలాకాశం రంగు పైవస్త్రం మీద నక్షత్రాలు, చుట్టూ కిరణాలు, కాళ్ళ కింద నెలవంక, దాన్ని మోస్తున్న ఒక బుల్లి దేవదూత. కళ్ళు దించుకుని, చేతులు జోడించి, కదలకుండా నిలబడిన గోధుమరంగు తల్లి. 1810లో స్పెయిన్ మీద తిరుగుబాటు జెండా ఆమె. 1966లో కాలిఫోర్నియా వ్యవసాయ కూలీలు డెలానో నుంచి సాక్రమెంటో దాకా నడిచినప్పుడు ముందు పట్టుకున్న పటమూ ఆమెదే.

లోపెస్ ఆ కిరణాల మధ్య నుంచి దేవతను దించి, అక్కడ తన ఇంటి ఆడవాళ్ళను పెట్టారు. మొదటి బొమ్మలో ఆమే ఉన్నారు. గులాబీ రంగు గౌను, కాళ్ళకు పరుగు బూట్లు. ఒక చేత్తో పామును మెడ దగ్గర పట్టుకుని, ఇంకో చేత్తో నక్షత్రాల వస్త్రాన్ని జెండాలా ఎగరేస్తూ, నవ్వుతూ మనవైపు దూకుతుంటారు. కాళ్ళ కింద దేవదూత రెక్కలకు ఎరుపు, తెలుపు, నీలం రంగులు, అంటే అమెరికా జెండా రంగులు. ఆ దేవదూతను దాటి అడుగేస్తున్నారు. అసలు పటంలో దేవత పాదాలు గౌను మడతల్లో దాదాపు కనిపించవు. నడవలేని దేవతను తరతరాలుగా ఆడపిల్లలకు ఆదర్శంగా చూపిస్తున్నారే అన్నది లోపెస్ ఆవేదన. ఆ రోజుల్లో ఆమె నిజంగానే పరుగు అలవాటు చేసుకున్న మనిషి. కాబట్టి బూట్లు ప్రతీక కోసం తెచ్చినవి కావు, ఆమె రోజూ వేసుకునేవే.

రెండో బొమ్మలో ఆమె తల్లి. కళ్ళజోడు పెట్టుకుని కుట్టుమిషను ముందు కూర్చుని ఉంటారు. ఆవిడ బతుకంతా కుట్టుపనే. మిషను సూది కింద ఉన్నది ఆ నక్షత్రాల వస్త్రమే. దేవత కప్పుకునే బట్ట ఆకాశం నుంచి ఊడిపడలేదు, ఒక ఆడమనిషి నడుము నొప్పితో కుట్టింది అని ఇంత సూటిగా చెప్పిన బొమ్మ మరొకటి లేదనిపిస్తుంది. మూడో బొమ్మలో అమ్మమ్మ. వస్త్రాన్ని పరుచుకుని దాని మీద తీరిగ్గా కూర్చుని ఉంటుంది. ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో ఒలిచిన పాము చర్మం. ముఖంలో భయం లేదు, భక్తి లేదు, చేయాల్సిన పని పూర్తిచేసిన నిదానం ఉంది. పాము మెక్సికో మూలవాసులైన అజ్టెక్‌ల దేవతలకు దగ్గరి ప్రాణి, క్రైస్తవంలో పాపానికి గుర్తు. ముగ్గురి దగ్గరా పాము ఉంది, ముగ్గురికీ దానితో వేరువేరు లెక్క ఉంది. తల్లి, అమ్మమ్మల అసలు పేర్లు బొమ్మల పేర్లలోనే ఉన్నాయి. ఫలానా ఆవిడ, మా గ్వాదలూపే మాత అని. పదహారు బొమ్మల సెట్లో దొరకని మర్యాద ఇది.

ఈ మూడింటిలో రెండు సంస్కృతులు ఎక్కడున్నాయి అంటే అన్నిచోట్లా ఉన్నాయి, విడివిడిగా ఎక్కడా లేవు. మెక్సికో దేవత, అమెరికన్ బూట్లు, ఫ్యాక్టరీ కుట్టుపని, అజ్టెక్ పాము, స్త్రీవాదం. ఏ దారం ఎటునుంచి వచ్చిందో లెక్క చెప్పాల్సిన అవసరం ఆ ముగ్గురు ఆడవాళ్ళకూ లేదు. అందుకే ఫ్రీడా బొమ్మకన్నా ఇవి ఒక అడుగు ముందుకు వేశాయని చెప్పొచ్చు.

తల్లిని గీయడం పోర్టోరికో వైపూ కనిపిస్తుంది. 1922లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టిన రఫాయెల్ తుఫీన్యో తరువాత దీవికి చేరి, 1953లో తన తల్లిని 'గొయీతా' అన్న ముద్దుపేరుతో గీశారు. తలకు గుడ్డ చుట్టుకున్న, ఎండకు రాటుదేలిన ఆ ముఖం పోర్టోరికోలో దేశమంతటి తల్లి ముఖంగా నిలిచిపోయింది. బ్రూక్లిన్‌లో పుట్టిన కొడుకు గీసిన ముఖం దీవికి గుర్తయిందంటే వలస ఒకే దిక్కుకు సాగే ప్రయాణం కాదని తెలుస్తుంది.

టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో మగవాళ్ళ ముఖాలు ఎక్కువ. అక్కడి జెస్సీ ట్రెవీన్యో 1946లో మెక్సికోలోని మాంతెర్రేలో పుట్టి చిన్నప్పుడే శాన్ ఆంటోనియోకు వచ్చారు. న్యూయార్క్‌లో ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌లో పోర్ట్రెయిట్ నేర్చుకుంటుండగా 1966లో సైన్యం నుంచి పిలుపు వచ్చింది. 1967లో వియత్నాంలో గాయపడ్డారు. చివరికి కుంచె పట్టే కుడి చెయ్యి పోయింది. ఎడమ చేత్తో మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నారు. ఇంట్లో తన పడకగది గోడకు నల్లరంగు పూసి, దాని మీద 'నా జీవితం' అని ఒక పెద్ద బొమ్మ వేశారు. 1971 నుంచి 73 దాకా పట్టింది. కాఫీ కప్పు, మెక్సికన్ తీపిరొట్టె, ముస్తాంగ్ కారు, కృత్రిమ చెయ్యి, దానికి వేలాడుతూ యుద్ధంలో గాయపడినందుకు ఇచ్చిన పర్పుల్ హార్ట్ పతకం. దేశభక్తి, పేటలోని బతుకు, ఒళ్ళు పడ్డ నొప్పి అన్నీ ఆ నలుపులో పక్కపక్కనే తేలుతుంటాయి. తనకోసం తప్ప ఎవరికోసమూ వేసిన బొమ్మ కాదు అది.

ఆ తర్వాత 1976లో 'మా అన్నదమ్ములు' వచ్చింది. ఫోటో అనిపించేంత స్పష్టంగా సోదరులంతా ఎండలో నిలబడి, కూర్చుని మనవైపు చూస్తుంటారు. ఇప్పుడది వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియం సేకరణలో ఉంది. యూరప్ సంప్రదాయంలో పోర్ట్రెయిట్ అంటే డబ్బున్నవాడు చిత్రకారుడికి కూలి ఇచ్చి వేయించుకునేది. ఇక్కడ బొమ్మలోకి వచ్చినవాళ్ళు ఎవరూ డబ్బు ఇవ్వలేదు. వాళ్ళను ఎంచుకున్నది చిత్రకారుడు, అదీ తన ఇంటివాళ్ళనే. ఆ చూపులో కనిపించే చనువు అందువల్లే వచ్చింది.

ఇక్కడ ఈ వ్యాసం వాదనకు కొంచెం అడ్డు తగిలే చిత్రకారుడు ఒకరున్నారు. 1944లో లరేడోలో పుట్టిన సేసర్ మార్తినెస్. ఆయన 'బాతో' వరుస బొమ్మల్లో ఉన్నవాళ్ళు నిజంగా ఫలానా మనుషులు కారు. బాతో అంటే పేటల్లో తిరిగే కుర్రాడు, మనం 'వాడు' 'మనోడు' అనుకునేంత మామూలు పిలుపు. పాత హైస్కూల్ ఫోటోలు, పేపర్లో వచ్చిన మరణవార్తల ఫోటోలు, జ్ఞాపకాలు కలిపి ఆయన ముఖాలు తయారుచేస్తారు. వెనక ఏమీ ఉండదు, ఒకటే రంగు మందంగా పరిచి ఉంటుంది. నమూనా మనుషులను గీయడం అన్యాయమైతే ఇదీ అదే కదా అనొచ్చు. తేడా ఎక్కడుందంటే, మార్తినెస్ గీసిన కుర్రాడు ఏ మెట్టు మీదా లేడు. పైన ఎవరూ లేరు, కింద ఎవరూ లేరు. ఛాతీ మీద పచ్చబొట్లుగా ఆడవాళ్ళ బొమ్మలు పొడిపించుకున్న ఒకడు, నడుమ గ్వాదలూపే మాతనూ పొడిపించుకుని, నిదానంగా మనల్ని చూస్తుంటాడు. అతని గురించి పోలీసు రికార్డులు, సినిమాలు ఎన్నో చెప్పాయి. ఈ బొమ్మ ఏమీ చెప్పదు, అతణ్ణి అలా ఉండనిస్తుంది.

ముఖాన్నే తీసేసి పోర్ట్రెయిట్ వేసినవారూ ఉన్నారు. 1986లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో మెక్సికో నుంచి వచ్చిన తల్లిదండ్రులకు పుట్టిన జే లిన్ గోమెస్ (తొలినాళ్ళ బొమ్మలు రమీరో గోమెస్ అన్న పేరుతో ఉంటాయి) లాస్ ఏంజెలెస్‌లో ఒక సంపన్నుల ఇంట్లో పిల్లల్ని చూసుకునే పని చేసేవారు. తల్లి స్కూల్లో క్లీనింగ్ పని, తండ్రి ట్రక్ డ్రైవర్. పిల్లలు పడుకున్న సమయంలో ఆ ఇంట్లో పడివుండే ఖరీదైన ఇళ్ళ పత్రికలు తీసుకుని, ఆ నిగనిగలాడే వంటగదుల ఫోటోల మీద పనిమనుషుల్ని గీయడం మొదలుపెట్టారు. గచ్చు తుడుస్తున్న ఆమె, పసిబిడ్డను ఎత్తుకున్న ఆమె. ముఖాల స్థానంలో ఒట్టి గోధుమరంగు. తరువాత అట్టముక్కలతో నిలువెత్తు తోటమాలుల్ని చేసి బెవర్లీ హిల్స్ పచ్చికల్లో నిజంగానే నిలబెట్టారు.

బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 1967లో వేసిన ఈతకొలను బొమ్మ అందరికీ తెలిసిందే. ఎవరో ఇప్పుడే దూకినట్టు నీళ్ళు చిందుతాయి, మనిషి కనిపించడు. గోమెస్ 2013లో దాన్నే మళ్ళీ వేసి, చిందే నీళ్ళను తీసేశారు. అక్కడ ఒకతను కొలను శుభ్రం చేస్తున్నాడు, వెనక ఒకామె అద్దాలు తుడుస్తోంది. హాక్నీ బొమ్మలోని ఆ మెరుపు వెనక ఎవరి చెమట ఉందో ఒక్కసారి చూశాక మళ్ళీ పాత బొమ్మను పాత కళ్ళతో చూడలేం. ముఖాలు లేకపోవడం గురించి మాత్రం మనసులో కొంత ఇబ్బంది మిగులుతుంది. యజమానుల కంటికి వాళ్ళు అలాగే కనిపిస్తారు కాబట్టి అలా వేశారు అనడం న్యాయమే. అయినా ఆ మనుషులకు బొమ్మలో కూడా ముఖం దొరకలేదు కదా అన్న బాధ పోదు. బహుశా ఆ బాధ కలగాలనే అలా వేశారు.

ఆ బాధకు జవాబులా ఉంటాయి అలీసా నీసెన్‌బౌమ్ బొమ్మలు. 1977లో మెక్సికో నగరంలో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడ్డ ఈమె, క్వీన్స్‌లోని కరోనా పేటలో క్యూబా కళాకారిణి తానియా బ్రుగేరా మొదలుపెట్టిన వలసదారుల కేంద్రంలో ఇంగ్లీష్ క్లాసులు చెప్పేవారు. స్త్రీవాద కళాచరిత్రే పాఠం. అక్కడికి వచ్చేవాళ్ళలో చాలామందికి కాగితాలు లేవు. వాళ్ళనే ఎదురుగా కూర్చోబెట్టుకుని గీయడం మొదలుపెట్టారు. ఫోటో చూసి వేస్తే త్వరగా అయిపోతుంది. ఆమె మనిషిని గంటల తరబడి ఎదుట కూర్చోబెట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూ వేస్తారు. ప్రభుత్వం కంటపడకుండా బతకాల్సిన మనిషికి ఇంకొకరి కళ్ళ ముందు అంతసేపు నిశ్చింతగా కూర్చోవడం చిన్న విషయం కాదు. ఆ నమ్మకం బొమ్మలో కనిపిస్తుంది: సోఫా మీద వాలిన తీరు, దుప్పటి మీద పూల డిజైను, గోడ రంగు అన్నీ పండగ చేసుకుంటున్నట్టు ఉంటాయి. దీనంగా చూపించడం ఆమెకు ఇష్టం లేదు. న్యూయార్క్ లాగార్డియా ఎయిర్‌పోర్టు సి టెర్మినల్‌లో 2022 నుంచి ఆమె వేసిన పెద్ద బొమ్మ ఉంది. అందులో ఉన్నది ఆ ఎయిర్‌పోర్టును నడిపించే ఉద్యోగులు.

ఇంతవరకూ చెప్పినవాటిలో రెండు సంస్కృతులంటే లాటిన్ అమెరికా ఒకటి, అమెరికా ఒకటి అన్నట్టే సాగింది. ఫిరెలే బాయెస్ బొమ్మల దగ్గర ఆ లెక్క చెదిరిపోతుంది. 1981లో డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టారు. తల్లి డొమినికన్, తండ్రిది హైతీ మూలం. ఒకే దీవిని పంచుకున్న ఆ రెండు దేశాల మధ్య రక్తపు మరకలున్నాయి. 1937లో డొమినికన్ నియంత త్రుహీయో ఆజ్ఞ మీద సరిహద్దు దగ్గర వేలమంది హైతీయులను చంపేశారు. డొమినికన్ గుర్తింపు కార్డుల్లో చాలాకాలం నల్లజాతి మూలాలున్నవారిని కూడా 'ఇండియో', అంటే మూలవాసి రంగు అని రాసేవారు. నలుపు అన్న మాట హైతీకి అంటగట్టి తాము తప్పించుకునే పద్ధతి అది. 2013లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు హైతీ సంతతివాళ్ళు ఎంతోమందిని ఏ దేశమూ లేనివాళ్ళను చేసింది.

బాయెస్ 2011లో ఒక నెలరోజుల స్వీయచిత్రాల పని పెట్టుకున్నారు. దాని పేరులో రెండు పరీక్షలున్నాయి. ఒకటి అమెరికా నల్లజాతి సంపన్న వర్గాల్లో ఒకప్పుడు ఉన్న కాగితపు సంచి పరీక్ష. గోధుమరంగు సంచి కన్నా ఒంటి రంగు ముదురైతే లోపలికి రానిచ్చేవారు కాదు. రెండోది డొమినికన్ల ఫ్యాను పరీక్ష. ఫ్యాను ముందు నిలబెడితే జుట్టు ఎగరాలి, ఎగరకపోతే ఫెయిల్. ఆమె ప్రతిరోజూ తన ముంజేతి లోపలి చర్మాన్ని చూసి, సరిగ్గా ఆ రోజు ఉన్న రంగును కలిపి తన తల ఆకారాన్ని నింపేవారు. దాని మీద ఆ రోజు జుట్టు ఎలా ఉంటే అలా. ముక్కు లేదు, నోరు లేదు, కళ్ళు మాత్రం పూర్తిగా, జీవంతో ఉంటాయి. వాటిని క్యాలెండర్ గళ్ళలా వరసగా పెట్టారు.

దూరం నుంచి చూస్తే అచ్చం వర్గీకరణ పట్టికలా ఉంటుంది. దగ్గరికి వెళ్తే ఏ రెండు రోజుల రంగూ ఒకటి కాదు. ఎండను బట్టి మారింది, వెలుతురును బట్టి మారింది. ఒకే మనిషి ఒక రోజు సంచి పరీక్ష పాసవుతుంది, ఇంకో రోజు తప్పుతుంది. రంగును బట్టి మనిషిని తేల్చే పద్ధతిని దాని సొంత కొలతలతోనే కూల్చేశారు. పైగా ఆ కళ్ళు. పరీక్ష పెట్టేవాడు జుట్టునూ చర్మాన్నీ చూస్తుంటే, ఆ కళ్ళు తిరిగి అతణ్ణే చూస్తుంటాయి. ఈ వ్యాసంలో చెప్పుకున్న బొమ్మలన్నిటిలో తెలివికి ఒకదాన్ని ఎంచుకోమంటే ఇదే ఎంచుకోవాలి.

మ్యూజియంల తీరు గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ బొమ్మలకు గోడ దొరకడమే ఒక పోరాటం. 1972లో హ్యారీ గంబోవా అనే చికానో కళాకారుడు లాస్ ఏంజెలెస్ కౌంటీ మ్యూజియంకు వెళ్ళి ఇక్కడ చికానోల కళ ఎందుకు లేదని అడిగితే, చికానోలు కళ సృష్టించరు, గ్యాంగుల్లో తిరుగుతారు అన్న అర్థం వచ్చే జవాబు దొరికిందని ఆయన చెబుతారు. ఆయనా, అస్కో అనే కళాకారుల బృందంలోని మరో ఇద్దరు మిత్రులూ మ్యూజియం బయటి గోడ మీద తమ పేర్లు స్ప్రేతో రాసి, మ్యూజియం మొత్తం మా కళాఖండమే అన్నారు. మ్యూజియం ఆ పేర్లు తుడిపించేసింది. 2011లో అదే మ్యూజియం అస్కోకు పెద్ద ప్రదర్శన పెట్టింది. ఇక యోలాండా లోపెస్ సంగతి మరీ బాధాకరం. ఆమె 2021 సెప్టెంబర్‌లో చనిపోయారు. ఒక మ్యూజియంలో ఆమెకు మొట్టమొదటి సొంత ప్రదర్శన శాన్ డియేగోలో ఆ తరువాతి నెల మొదలైంది. పరుగు బూట్ల బొమ్మ వేసి అప్పటికి 43 ఏళ్ళు. అన్నేళ్ళూ ఆ బొమ్మ జనం మధ్య తిరుగుతూనే ఉంది. మ్యూజియంలే ఆలస్యం చేశాయి. 2022 జూన్‌లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో నటుడు చీచ్ మారిన్ సేకరణతో చికానో కళకు ఒక కేంద్రం తెరిచారు. జాతీయ స్థాయిలో లాటినో మ్యూజియం కట్టడానికి 2020 డిసెంబర్‌లో చట్టం వచ్చింది.

గోడ దొరికాక వచ్చే చిక్కు వేరు. ఏ గోడ? శాన్‌ఫ్రాన్సిస్కోలో 1978లో పుట్టి లాస్ ఏంజెలెస్‌లో ఉంటున్న షిజూ సాల్దమాందో తల్లివైపు జపాన్, తండ్రివైపు మెక్సికో. ఆమె గీసేది తన స్నేహితులను. పెరటి పార్టీల్లో, పంక్ సంగీత కచేరీల్లో, బార్ల దగ్గర కనిపించే కుర్రకారు. పచ్చబొట్లు, నల్లటి కాటుక, చేతిలో బీరు. చెక్క పలక మీద గీస్తారు, వెనక చెక్క గీతలు అలాగే వదిలేస్తారు. అక్కడక్కడా బంగారు రేకు అతికిస్తారు. అది జపాన్ తెరల్లోనూ ఉంది, క్యాథలిక్ పటాల్లోనూ ఉంది. కొన్ని బొమ్మలు బాల్‌పెన్నుతో దుప్పట్ల మీదా చేతిరుమాళ్ళ మీదా వేశారు. జైళ్ళలో ఉన్న చికానోలు రుమాళ్ళ మీద బొమ్మలు గీసి ఇంటికి పంపే అలవాటు నుంచి తీసుకున్న పద్ధతి అది.

ఆమె బొమ్మల్లో జెండాలు ఉండవు, గుడులు ఉండవు, సరిహద్దు కంచె ఉండదు. ఎదుటి మనిషి ఏ మూలం నుంచి వచ్చాడో తెలిపే గుర్తులేవీ వెనక పెట్టరు. 2008లో లాస్ ఏంజెలెస్ కౌంటీ మ్యూజియం చికానో ఉద్యమం తరువాతి కళ మీద పెట్టిన ప్రదర్శనలో ఆమె ఉన్నారు. 2011లో వాషింగ్టన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ ఆసియా అమెరికన్ పోర్ట్రెయిట్ల మీద పెట్టిన ప్రదర్శనలోనూ ఉన్నారు. ప్రదర్శన పెట్టేవాళ్ళకు పేరు అవసరం. ఆ పేరుతోనే నిధులు వస్తాయి, స్థలం వస్తుంది, ఇన్నాళ్ళూ బయట నిలబడ్డవాళ్ళు లోపలికి వస్తారు. అందుకే ఆ పేర్లను కొట్టిపారేయలేం. 2013లో స్మిత్‌సోనియన్ లాటినో కళ మీద పెద్ద ప్రదర్శన పెడితే, ఇదసలు అర్థం లేని వర్గం అని ఒక పేరున్న విమర్శకుడు రాశారు. కళాకారులు గట్టిగా జవాబిచ్చారు. తలుపు తెరిచిన మరుక్షణమే అసలు తలుపు ఎందుకు అనడం వాళ్ళకు కోపం తెప్పించింది, అది న్యాయమైన కోపం. సాల్దమాందో మాత్రం రెండు ప్రదర్శనల మధ్యా తన పద్ధతేమీ మార్చుకోలేదు. అక్కడా ఇక్కడా గోడ మీదికి వెళ్ళింది శనివారం రాత్రి కలిసి తిరిగే ఆ స్నేహితులే.